అచ్చంపేటలో తీసిన ఎనిమిదో ఫోటో

దసరా సెలవుల్లో అచ్చంపేట వెళ్ళి వచ్చానని తెలియగానే మా స్కూలు స్టాఫు రూములో అందరూ అడిగింది ఒకటే, పులి కనబడిందా అని. కనబడలేదు. నల్లమల అంచుదాకా పోయి పులిని చూడకుండా వచ్చిన మనిషి మాటలు వినే ఓపిక ఎవరికీ ఉండదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. చదివేవాళ్ళు మధ్యలో లేచిపోయినా నాకు తెలియదు గదా.

నేను తెనాలిలో ఆడపిల్లల హైస్కూల్లో కుట్టు టీచర్ని. మా వారికి ప్రయాణమంటే చలిజ్వరం. మా తమ్ముడు అడవుల శాఖలో పనిచేస్తాడు. రెండు రాష్ట్రాలూ ఒకటయ్యాక తెలంగాణకు బదిలీ అయిన వాళ్ళలో వాడొకడు. ఒకసారి వచ్చి మా ఊరు చూసిపో అక్కయ్యా అని ప్రతి ఉత్తరంలోనూ రాస్తాడు. పోయిన వేసవిలో నాకొక డబ్బా కెమెరా కూడా వాడే కొనిపెట్టాడు. ఫిల్ము చుట్ట ఒకటి వేస్తే ఎనిమిది బొమ్మలు వస్తాయి. ఒక కెమెరా, రెండు చీరలు, చెగోడీల డబ్బా పట్టుకుని బయలుదేరాను.

భువనగిరి

తెల్లవారి రైలు దిగేసరికి ఎదురుగా కొండ. కొండ అంటే మన మంగళగిరి లాంటిది కాదు, ఊరి పక్కన ఒకే ఒక్క బండ బోర్లా పడి ఉంది. దాని నెత్తిన కోట. సగం దూరం మెట్లున్నాయి, ఆ తర్వాత దేవుడే దిక్కు. చెప్పులు చేత్తో పట్టుకుని పాకుతూ ఎక్కాను. పైన గాలి తప్ప చూడటానికి పెద్దగా ఏమీ లేదు. అయినా అంత కష్టపడి ఎక్కినందుకు రెండు ఫోటోలు ఖర్చు పెట్టాను.

దిగి వచ్చాక ఒక నేతవారింట్లో మంచినీళ్ళు అడిగితే ఆ ఇల్లాలు కూర్చోబెట్టి జొన్నరొట్టె, చింతకాయ తొక్కు పెట్టింది. ఆ తొక్కు కారానికి నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. గుంటూరు సీమ దాన్నని ఇంతకాలం మిడిసిపడ్డందుకు శాస్తి జరిగింది. మావైపు ముప్పావలా చేసే తువ్వాలు ఆమె మొగుడు అర్ధరూపాయికే ఇచ్చాడు. మొగవాళ్ళు లేకుండా ఒక్కదాన్నీ వచ్చానంటే ఆమె నమ్మలేదు. వెనక ఎవరో వస్తున్నారేమోనని వీధిలోకి రెండుసార్లు తొంగి చూసింది. మగ్గానికి నూలు ఆసు పోస్తుండగా ఆమెదొక బొమ్మ తీశాను.

ఆడవాళ్ళ పెట్టె

భువనగిరి నుంచి సికింద్రాబాదుకు ఆడవాళ్ళ పెట్టెలో ఎక్కాను. నాతోపాటు అయిదారు నల్ల బురఖాలు ఎక్కాయి. బురఖాలు అనే రాస్తున్నాను, ఎందుకంటే అప్పటికి నాకు కనబడింది అవే. పరదా పద్ధతి మీద మా స్కూల్లో నేనొకసారి ఉపన్యాసం కూడా ఇచ్చాను. బురఖా వేసుకున్న మనిషితో అంతకుముందు ఒక్కసారైనా మాట్లాడి ఎరగను.

రైలు కదిలి తలుపు పడగానే ముసుగులన్నీ ఒక్కసారి పైకి లేచాయి. పెట్టెంతా మొహాలే. ఒకామె తమలపాకుల డబ్బా తెరిచింది, ఒకామె పిల్లకు పాలివ్వటం మొదలుపెట్టింది, ఒక ముసలామె పక్కామెకు తన కోడలి మీద పుట్టెడు చాడీలు చెప్పింది. భాష నాకు రాకపోయినా చాడీలని పోల్చుకోవటానికి భాష అక్కర్లేదు. స్టేషను దగ్గరపడే సరికి ఎవరూ చెప్పకుండానే ముసుగులన్నీ దిగాయి. మళ్ళీ నల్లగుడ్డలే. మా అమ్మ గుర్తుకొచ్చింది. పరాయి మొగవాడు వీధి అరుగెక్కితే మా అమ్మ తలుపు చాటుకుపోయి గోడతో మాట్లాడినట్టు జవాబు చెప్పేది. దాన్ని మేము మర్యాద అనేవాళ్ళం.

జడ్చర్ల

సికింద్రాబాదులో రైలు మారి, జడ్చర్లలో దిగి అచ్చంపేట బస్సు కోసం చాలాసేపు కూర్చున్నాను. సీతాఫలాల కాలం. గంపలు గంపలుగా దిగుతున్నాయి. అణాకు ఎన్ని ఇస్తావని అడిగితే ఆ అమ్మి, అణాలు పోయినయ్ కొత్త పైసలు చెప్పమంది. నాకు కొత్త లెక్క రాదు, ఆమెకు పాత లెక్క ఇష్టం లేదు. ఏదైతేనేం, పది పైసలకు ఒడి నిండింది.

బస్సులో ఆడవాళ్ళ సీట్లు ముందు. నా పక్కన ఒక ముసలమ్మ మేకపిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కల్వకుర్తి దాటేలోపు అది నా పండ్లలో నాలుగు తినేసింది. మిగిలినవి నా సంచీలో చితికి రెండో చీరకు అంటుకున్నాయి. రాతినేల, జొన్నచేలు, గొర్రెలమందలు, మళ్ళీ రాతినేల. కాలవలూ వరిచేలూ చూసి పెరిగిన కంటికి మొదట దిగులేస్తుంది. కాసేపటికి అంత ఆకాశం చూడటం అలవాటైపోతుంది.

పరదాకు అవతల

మా తమ్ముడు అద్దెకుండేది కరీం సాబ్ గారింట్లో. ఆయన తాలూకా కచేరీలో గుమాస్తాగా చేసి మానుకున్న పెద్దమనిషి, మాట మెత్తన. ముందరి రెండు గదులూ మా వాడివి. వెనక వాకిలి, వంటిల్లు, ఇంకో రెండు గదులూ ఆయనవి. మధ్యలో గోనెపట్టా పరదా. నేను ఆడదాన్ని కాబట్టి నాకు పరదా అడ్డం లేదు. వెళ్ళిన పూటే అవతలికి వెళ్ళాను.

అక్కడ కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది జైతూన్, కరీం సాబ్ మేనగోడలు. తల్లీ తండ్రీ లేని పిల్ల, మేనమామ ఇంట పెరిగింది. ఇరవై మూడు ఇరవై నాలుగేళ్ళుంటాయి. బతుకమ్మ పండగ రోజులు కావటంతో ఊరి ఆడవాళ్ళంతా కొత్త రవికల కోసం ఆమె మీదే పడ్డారు. పొద్దున్నుంచి వాకిలి దాటి వచ్చేవాళ్ళూ, కొలతలిచ్చేవాళ్ళూ, తొందరపెట్టేవాళ్ళూ. జైతూన్ గడప దాటదు, ఊరే ఆమె గడపలోకి వస్తుంది. నేను టీచర్ని కాబట్టి ముందు కాజాలు తిప్పి చూశాను. తప్పు పట్టటానికి వీల్లేకుండా ఉన్నాయి. కొంచెం అసూయ కలిగిన మాట దాచను.

మర్నాడు పొద్దున ఆమె నాకు కిచిడీ, దాని మీదికి ఖట్టా పెట్టింది. ఖట్టా అంటే నువ్వులూ చింతపండూ కలిపిన పచ్చిపులుసు. రెండోసారి అడిగి పెట్టించుకున్నాను. ఈ సంగతి తెనాలిలో మా అత్తగారికి చెప్పలేదు.

ఆమె సంగతి కరీం సాబ్ మా తమ్ముడి అరుగు మీద కూర్చుని చెప్పాడు. పదమూడో ఏట పెళ్ళి చేశారట. ఏడాది తిరక్కుండానే పోలీసు చర్య జరిగింది. అల్లుడు నైజాం సర్కారులో చిన్న నౌకరీ చేసేవాడు, అది పోయింది. కరాచీ పోయి నిలదొక్కుకుని తీసుకుపోతానని వెళ్ళాడు. పదేళ్ళయింది. మొదట ఉత్తరాలు వచ్చేవి, తర్వాత పండక్కొకటి, తర్వాత అదీ లేదు. ఈమె విధవ కాదు, పెళ్ళాం కాదు, ఎదురుచూసే మనిషి. ఇలాంటి వాళ్ళు ఈ తాలూకాలోనే ఇంటికొకరు కాకపోయినా వాడకొకరు ఉన్నారట. ఈ ఎండాకాలంలో హఠాత్తుగా ఉత్తరం వచ్చింది. అక్కడ ఇంకో పెళ్ళి చేసుకున్నాననీ, ముగ్గురు పిల్లలనీ, ఆ భార్య మంచం పట్టిందనీ, ఇల్లు చూసే దిక్కు లేదు కాబట్టి జైతూన్‌ను పంపమనీ. కరీం సాబ్ ఇది మంచి కబురుగానే చెప్పాడు. తాను పోతే ఈ పిల్ల గతేమిటన్నది ఆయన దిగులు. మొగుడు పిలిచాడు, ఇన్నాళ్ళకు నసీబు తెరుచుకుందన్నాడు.

సవతి మాట నాకు నచ్చలేదు. అయినా మన ఊళ్ళలో రెండు కాపురాల మారాజులు లేరా, మనకు మాత్రం ఒకే పెళ్ళి అన్న చట్టం మొన్నమొన్న గదా వచ్చింది, అనుకుని ఊరుకున్నాను.

చిక్కు ఒక్కటేనట. పాస్‌పోర్టుకు ఫోటో కావాలి. పరదా ఆడవాళ్ళకు ఫోటో అక్కర్లేదని కొన్నాళ్ళు నడిచిందట గాని, ఇప్పుడు లేనిదే పని కాదని పట్నంలో కాగితాలు చూసే మనిషి చెప్పాడట. కరీం సాబ్ రెండుసార్లు ఆమెను పాలమూరు తీసుకుపోయాడు. రెండుసార్లూ జైతూన్ ఫోటోగ్రాఫరు ముందు కుర్చీలో కూర్చుంది, ముసుగు మాత్రం తియ్యలేదు. పరాయి మొగవాడి ముందు మొహం చూపించనంది. చిన్నప్పటి నుంచీ మీరు నేర్పిందే గదా అంది. ఆ మాటకు ఎవరు ఎదురు చెబుతారు? ఆమె నిష్ఠను ఊళ్ళో పెద్దలు మెచ్చుకుంటున్నారట. చెబుతుంటే కరీం సాబ్ మొహంలో సగం గర్వం, సగం అలసట.

నేను వెంటనే లేచి లోపల్నుంచి కెమెరా తెచ్చాను. నేను ఆడదాన్నే గదండీ, నా ముందు ముసుగు తీయటానికి ఏం అడ్డం అన్నాను. ఇంతమంది మొగవాళ్ళకు ఇంత చిన్న ఉపాయం తట్టలేదే అని లోపల మురిసిపోయాను కూడా. కరీం సాబ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అల్లా మిమ్మల్నే పంపిండమ్మా అన్నాడు.

అడవి అంచున

తెల్లవారి తమ్ముడితో జీపులో చెంచుల గూడేనికి వెళ్ళాను. పదిపన్నెండు గుడిసెలు, నాలుగు కుక్కలు. ఒక చెంచు ఆడది తేనెపట్టు ముక్క దొప్పలో పెట్టి ఇచ్చింది. మా తమ్ముణ్ణి వేలుపెట్టి చూపించి, వీడు నీ మొగడా అంది. తమ్ముడన్నాను. అయితే మొగడెక్కడంది. ఇంట్లో ఉన్నాడన్నాను. ఒంట్లో బాగాలేదా అంది. పరదా లేదు, మొహమాటం లేదు. మొగుడితో పొసగకపోతే ఏం చేస్తారని అడిగించాను. అదేం పెద్ద పనీ అన్నట్టు నవ్వి, పక్క గుడిసెకేసి చూపించింది. తిరిగి వస్తూ దారంతా వాళ్ళ స్వేచ్ఛ గురించీ, మన ఆడవాళ్ళ బతుకుల గురించీ తమ్ముడికి పాఠం చెప్పాను. వాడు అలవాటు ప్రకారం ఊ కొట్టాడు. గూడెంలో నాలుగు బొమ్మలు తీశాను. ఎనిమిదోది అట్టే పెట్టాను.

ఎనిమిదో బొమ్మ

నాలుగో రోజు పొద్దున పరదా అవతల తెల్లసున్నం గోడ ముందు ముక్కాలిపీట వేశాం. కరీం సాబ్ భార్య మేనగోడలి జుట్టు సవరించి, తెల్ల ఓణీ తల మీద సర్దింది. జైతూన్ మారుమాట్లాడకుండా వచ్చి కూర్చుంది. కళ్ళు దించమని అత్త అంటే దించలేదు. తిన్నగా కెమెరాలోకి చూసింది. అది సిగ్గు కాదని తెలుస్తూనే ఉంది, మరేమిటో ఆలోచించలేదు. మీట నొక్కాను. అయిపోయింది.

ఆ మధ్యాహ్నం కుట్టుపని పక్కనపెట్టి నా దగ్గరికి వచ్చి కూర్చుంది. బొమ్మ ఎప్పుడు చూడవచ్చని అడిగింది. ఇంకా చూసే వీల్లేదు, తెనాలి పోయి చీకటిగదిలో కడిగిస్తేనే కనబడుతుంది, ఈలోపల వెలుతురు తగిలిందంటే అన్నీ నాశనమేనన్నాను.

"ఒక్కటే పోతదా అక్కా, మొత్తం పోతయా?"

మొత్తం అన్నాను. శ్రద్ధగా వినే పిల్ల దొరికితే టీచరు నోరు ఆగుతుందా? మూత ఎక్కడుందో, గొళ్ళెం ఎటు తిప్పాలో, చుట్ట ఎలా తిరుగుతుందో అన్నీ చూపించి చెప్పాను. మంచి బుర్ర గలది, ఒక్కసారికే గ్రహించింది.

నేను తలంటుకుని వచ్చేసరికి వాకిట్లో ఎండలో నా ఫిల్ము. కాగితమూ చుట్టా వేరు చేసి, నులకమంచం పట్టె మీద ఈ చివరి నుంచి ఆ చివరికి చక్కగా పరిచి ఉంది, అంచులు లేవకుండా పైన కత్తెర ఒకటి, ఇస్త్రీపెట్టె ఒకటి బరువు పెట్టి. జైతూన్ మిషను ముందు కూర్చుని కుడుతోంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. నా కోట, నా చెంచులు, మోకాళ్ళు దోక్కుపోయి తీసిన బొమ్మలు. ఏం పని ఇది, బుద్ధుందా అని గట్టిగా అరిచాను. ఆమె మిషను ఆపింది. నేను ముట్టుకోలేదనో, పిల్లి లాగిందనో అంటుందనుకున్నాను. నేనే తీశానంది. నా బొమ్మలు పోయినందుకు తనది తప్పేనంది. అప్పుడు కూడా గొంతు పెంచలేదు.

"పాలమూరుల ముసుగు తియ్యకుంటే అందరు మెచ్చుకున్నరు. నేను పోనని అట్ల చెప్తున్న అక్కా. నువ్వొచ్చి గా ఒక్క తొవ్వ మూసినవ్."

నాలుగు రోజులు ఆమె చేతి కిచిడీ తిన్నాను. పరదా గురించి నాకు తెలిసిన ఉపన్యాసమంతా ఆమెకు వినిపించాను. నీకు పోవాలనుందా అని ఒక్కసారి అడగలేదు. అడగాలని తోచనే లేదు. ఆమె ఆ ముసుగు వెనక బందీ అయి ఉందని నేననుకున్నాను, ఆమె దాన్ని అడ్డుపెట్టుకుని ఆర్నెల్లుగా ఒంటరిగా పోరాడుతోంది. ఇంత సిగ్గుపడింది నా జీవితంలో లేదు.

మామకు నోరు తెరిచి చెప్పకూడదా అన్నాను, మెల్లగానే.

"అడిగితే చెప్తును. నన్ను ఎవ్వలు అడిగిన్రు?"

నా అరుపు విని కరీం సాబ్ అప్పటికే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఎప్పుడు వచ్చాడో మేమిద్దరమూ చూడలేదు. ఆయన మంచం మీది ఫిల్మునూ మేనగోడలినీ చూశాడు. నా వైపు చూడలేదు. కోప్పడతాడనుకుని నేను అడ్డంగా ఏదో అనబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపి, టోపీ తీసి మళ్ళీ సరిగ్గా పెట్టుకున్నాడు. నమాజుకు నిలబడే మనిషిలా చేతులు ముందుకు కట్టుకున్నాడు.

"జైతూన్, కరాచీకి నీ మొగని తానకు పోతవా బిడ్డా?"

"పోను మామూ."

ఎందుకు పోవని అడుగుతాడనుకున్నాను. మళ్ళీ అదే మాట, అక్షరం మారకుండా అడిగాడు. ఆమె మళ్ళీ పోనంది. వినబడలేదా ఈయనకు అనుకున్నాను. మూడోసారీ అడిగాడు. మూడోసారి ఆమె లేచి నిలబడి చెప్పింది. పరదా అవతల మా తమ్ముడి నౌకరుకు కూడా వినబడేంత గట్టిగా చెప్పింది. కరీం సాబ్ తల ఊపి వెళ్ళిపోయాడు. ఆయన భార్య వంటింట్లో ఏడవటం వినిపించింది. జైతూన్ కూర్చుని మళ్ళీ మిషను తిప్పింది. మర్నాటికి ఇవ్వాల్సిన రవికలు ఇంకా మూడున్నాయి.

తిరుగు ప్రయాణం

బస్సు దగ్గరికి కరీం సాబ్ స్వయంగా వచ్చి సాగనంపాడు. నా ఫోటోలు పోయినందుకు క్షమించమన్నాడు. ఆమెను మూడుసార్లు ఎందుకడిగారని నేను అడిగాను.

నికాలో అదే పద్ధతట. పెళ్ళికూతురు పరదా లోపల ఉంటుంది. ఆమె తరఫు వకీలుగా ఇంటి పెద్ద ఒకడు ఇద్దరు సాక్షులతో పరదా దగ్గరికి పోయి, ఫలానా వాణ్ణి ఒప్పుకుంటావా అని మూడుసార్లు అడగాలి. జైతూన్ పెళ్ళికి ఆ వకీలు ఈయనే.

"మూడుసార్లు అడిగిన. లోపట్కెళ్ళి సప్పుడు రాలే. సప్పుడు లేకుంటే ఒప్పుకున్నట్టే అంటరు. పదమూడేండ్ల పిల్ల. నేను బయటికొచ్చి ఒప్పుకున్నదని చెప్పిన," అన్నాడు.

బస్సు కదలబోతుండగా జేబులోంచి ఒక పోస్టుకార్డు తీసి ఇచ్చాడు, జడ్చర్ల స్టేషన్లో వెయ్యమని. అచ్చంపేటలో వేస్తే పోస్టు మనిషి నుంచి ఊరంతా చదువుతారని కాబోలు అనుకున్నాను. అది కాదట. ఇక్కడైతే మనసు మారి, వెనక్కి ఇమ్మని అడుగుతానేమోనని ఆయన భయం. ఉర్దూ రాత, పెద్ద చిరునామా, కింద ఒక్కటంటే ఒక్కటే పంక్తి. అందులో ఏముందని అడిగాను.

"పిల్లను అడిగిన, రానన్నది. గంతే రాసిన," అన్నాడు.

జడ్చర్లలో దిగి ముందు ఆ కార్డు డబ్బాలో వేశాను. తర్వాత టీ తాగాను.